ఎవరి పిల్ల

ఏడో నంబరు పిలిచేదాకా కూర్చోమన్నారు, బసిలిసా కూర్చుంది. కుర్చీ ఎత్తుగా ఉంది, కాళ్ళు నేలకి ఆనడం లేదు. ఎనభై ఏళ్ళ ముసలిది బడిపిల్లలా కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవడం తనకే సిగ్గుగా ఉంది కానీ, ముందుకి జరిగితే జారిపడతానేమోనని వెనక్కే ఆనుకుంది. దవావో నగరంలో ఏదో హోటలు, రెండో అంతస్తు, పొడుగాటి నడవ, ఏసీ చలి, పొద్దున్న తొమ్మిదిన్నర. నడవ చివర తలుపు, తలుపు వెనక జపాను వాళ్ళు. ఒక ఆడమనిషి గొంతు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో ఒక మగగొంతు హాయ్, హాయ్ అంటోంది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంటోంది. అతను అంటున్నది ఔను, ఔను అనేనని తెలుసు. తెలిసి ఏం లాభం, డెబ్బై రెండేళ్ళ నాటి భయానికి అర్థాలతో పనిలేదు, అది చెవిలోంచి తిన్నగా కడుపులోకి దిగుతుంది.

"లోలా, మంచినీళ్ళు తాగుతావా?" అంది మనవరాలు రియలిన్, ఫోనులోంచి తల ఎత్తకుండానే అమ్మమ్మ జాకెట్టు మెడ సర్దుతూ. లోలా అంటే ఇక్కడి మాటలో అమ్మమ్మ. వద్దంది. నీళ్ళు తాగితే లేవాల్సొస్తుంది, లేచి వెళ్ళినప్పుడే పిలుస్తారు, పిలిచినప్పుడు లేకపోతే ఎక్కడికి పారిపోయావంటారు. ఎవరంటారు? ఎవరో ఒకరు. పిల్లకి ఇరవయ్యారేళ్ళు, కలినాన్‌లో అరటిపళ్ళ షెడ్డులో గెల నుంచి కోసిన హస్తాలు కడిగి పెట్టెల్లో సర్దే పని, ఆరునెలలకోసారి తీసేసి మళ్ళీ పెట్టుకుంటారు, మందునీళ్ళకి అరచేతులు ఎప్పుడూ పొట్టు రేగి ఉంటాయి. లోలా జపాను మనిషేనని అక్కడి కోర్టు కాగితమిస్తే ఆ కాగితం పట్టుకుని పిల్ల జపాను వెళ్ళొచ్చు, వయసు మళ్ళినవాళ్ళని చూసుకునే ఇంట్లో పని దొరుకుతుంది. అందుకని మంచం పక్క గోడకి జపాను అక్షరాల కాగితం అంటించుకుంది, పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పైకి చదువుతుంది. ఇన్నేళ్ళూ తను మట్టి కప్పి, మట్టి మీద బండ పెట్టి, బండ మీద తను కూర్చుని దాచినదాన్ని ఈ పిల్ల గోడకి అంటించి నురగ నోటితో పైకి చదువుతుంది. మొదటిరోజు అది వినపడగానే బసిలిసా వంటింట్లోంచి పరుగున వచ్చి కిటికీ తలుపులు మూసేసింది. ఉక్కపోస్తోంది కదా లోలా అంది పిల్ల. పక్కింటివాళ్ళు వింటారంది తను. పక్కింటబ్బాయి మొన్ననే జపాను కారు కొన్నాడు, వాళ్ళకి జపానంటే ప్రాణం అని పిల్ల ఒకటే నవ్వు. నవ్వింది కానీ కిటికీ తెరవలేదు, తలుపు రెక్కలు వదలకుండా పట్టుకున్న ముసలిదాని చేతులు చూసి ఉంటుంది.

మూడు వారాల నుంచి, ఇక్కడ మిగిలిపోయిన జపాను వాళ్ళ పిల్లల తరఫున కేసులు వేసే సంఘం ఆఫీసులో గుమాస్తా నెస్టర్ ఎక్కాలు అప్పగించుకున్నట్టు అప్పగించుకున్నాడు. నాన్న పేరు గట్టిగా, తడుముకోకుండా చెప్పాలి. అమ్మానాన్నలకి పెళ్ళయిందా అంటే అయింది, అమ్మ వాళ్ళ బగోబో తెగ ఆచారం ప్రకారం పెద్దల ముందు ఒకరికొకరు అన్నం ముద్దలు తినిపించుకున్నారనాలి. నలుగురిలో నిన్ను తన కూతురని చెప్పుకునేవాడా అంటే చెప్పుకునేవాడనాలి, ఇది ముఖ్యం, కేసంతా దీనిమీదే నిలబడి ఉంది. అంతవరకూ మామూలుగా చెప్పి, కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "ఆఖరి రోజు సంగతి మాత్రం వద్దు లోలా. ఎలా పోయాడని అడిగితే గుర్తులేదు, చిన్నపిల్లని అను. ఆయన ఆ రోజు అన్న మాట కాగితం మీదికెక్కిందంటే మనం చేసిందంతా ఏట్లో కలిసిపోతుంది." ఆ సంగతి అతనికి చెప్పింది రియలిన్. రియలిన్‌కి చెప్పింది తను, పోయిన ఏడాది డెంగ్యూ జ్వరంలో, సగం సగం, ఒళ్ళు తెలియకుండా. ఒళ్ళు తెలిసి ఎవరికీ చెప్పలేదు. గుర్తులేదు. ఎంత తేలికైన మాట, నోట్లో వేసుకుంటే అదే కరిగిపోతుంది. నిజంగానే గుర్తులేనివి బోలెడున్నాయి, మొన్న మందుబిళ్ళ వేసుకున్నదీ లేనిదీ గుర్తులేదు, పెద్దకొడుకు పుట్టిన వారం గుర్తులేదు. అది మాత్రం ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి ఆయన మొహం ముందు నిలబడి కాదంది, ఇప్పుడు గుర్తులేదంటే రెండోసారి. చెబితే పిల్ల బతుకు పోతుంది. చెప్పకపోతే ఏం పోతుంది, ఆయన ఎప్పుడో పోయాడు, పోయినవాడికి పోయేదేముంది. అలా అనుకుంటే ధైర్యంగా ఉండాలి కదా, మరి అరచేతుల్లో ఈ చెమటేమిటి, ఏసీలో.

పేరు. ముందు నాన్న పేరు దాటాలి. షిమాబుకురో ఎయికిచి. నిన్న స్నానాలగదిలో కుళాయి పూర్తిగా తిప్పి ఆ నీళ్ళ చప్పుడులో ఒకసారి పైకి అని చూసింది, అనగానే గోడకి ఆనుకుంది, ఎవరో తలుపు కొట్టినట్టనిపించింది, ఎవరూ కొట్టలేదు. అంత పొడుగు పేరు చిన్నప్పుడు తనకి నోరు తిరిగేది కాదు, షిమా దగ్గరే తడబడేది, ఆయన పడీపడీ నవ్వేవాడు. ఒకినావా దీవి నుంచి నార తోటల పనికి వచ్చినవాడు. అరటిలాగే ఉండే అబకా చెట్టుని నరికి, పట్టలు ఒలిచి, కత్తి కింద పెట్టి ఒంటి బరువంతా వేసి లాగితే తెల్లటి నార వస్తుంది, జుట్టంత సన్నంగా, మనిషంత పొడుగ్గా. ఆ లాగుడుకి ఆయన భుజాలు ఒకటి ఎత్తుగా ఒకటి పల్లంగా అయిపోయాయి. టోక్యో వైపు నుంచి వచ్చిన జపాను వాళ్ళు వీళ్ళని తమ బంతిలో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. పందుల్ని పెంచుతారని, పాముతోలు కప్పిన వాయిద్యం వాయిస్తారని, మాట వేరుగా ఉంటుందని. చూసీ చూసీ ఊళ్ళో బిసాయా మాట్లాడే ఫిలిప్పీను వాళ్ళు కూడా వీళ్ళకి 'వేరే జపాను వాళ్ళు' అని పేరు పెట్టారు. ఆయనకదేం పట్టేది కాదు. అమ్మ, సింగాన్, బగోబో మనిషి, అపో కొండ కింద పుట్టింది, ఆ మనుషుల బంతిలో ఆయనకెప్పుడూ చోటుండేది. కూతురికి తన తల్లి పేరు పెట్టుకున్నాడు, నబె. నబె అంటే కుండ. కూతురికి కుండని పేరు పెట్టేవాడెవడయ్యా అని అమ్మ తగూ వేసుకుంటే, పొయ్యి మీద కుండ ఉన్న ఇంట్లో ఎవరూ పస్తుండరే అనేవాడట. బసిలిసా అన్న పేరు తరవాత ఫాదరీ పెట్టింది.

యుద్ధం వచ్చిన డిసెంబరులో మాత్రం అసలు జపాను, వేరే జపాను అని ఎవరూ ఏరలేదు. పోలీసులు వచ్చి తోటల్లో జపాను మగాళ్ళందరినీ బడిలో పెట్టి తాళం వేశారు, అమ్మ రోజూ చిలగడదుంపలు ఉడకేసి మోసుకెళ్ళి కంచెలోంచి అందించేది. రెండు వారాలు తిరిగేసరికి సముద్రం మీంచి జపాను సైన్యం దిగింది, తాళాలు తీసింది, నాన్న చేతికి ఒక గుడ్డపట్టీ కట్టింది, బిసాయా మాట వచ్చు కదా, దుబాసీగా ఉండు అంది. ఆ పట్టీ కట్టిన రోజే ఆయన్ని వాళ్ళు పూర్తి జపాను మనిషని ఒప్పుకున్నది. ఆయన దాన్ని ఇంటికొచ్చి విప్పి గుంజకి తగిలించేవాడు, అమ్మ దానివంక చూడకుండా వంట చేసేది. ఒకరోజు కలినాన్ సంతలో కాపలా సైనికుడికి వంగి దణ్ణం పెట్టలేదని గోరియో మామని చెంప మీద కొట్టారు. గోరియో అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, పంతొమ్మిదేళ్ళు, భుజాన ఉప్పు మూటతో వస్తున్నాడు. మూట పడి చినిగింది. సైనికుడు జపాను భాషలో తిట్టాడు, ఆ తిట్టుని బిసాయాలోకి మార్చి చెప్పాల్సినవాడు పక్కన నిలబడి ఉన్నాడు. నాన్న తన బావమరిదికి ఆ తిట్టు మాట మాటగా తర్జుమా చేసి చెప్పాడు. తను అక్కడే ఉంది, అమ్మ కొంగు కింద, ఉప్పు మట్టిలో ఎలా పడిందో తెలుసు. మర్నాటికి గోరియో మామ కొండల్లో జపాను వాళ్ళ మీద పోరాడే దళంలో కలిసిపోయాడు. ఎవరిది తప్పని అడిగితే అమ్మ ఒకటే అనేది, ఇద్దరూ నా చేతి కూడే తిన్నారే అని. అంతకుమించి ఆవిడ నోట ఏ దేశం మాటా రాలేదు.

ఆరో నంబరు ముసలాయన ఇంకా బయటికి రాలేదు. లోపల ఏం అడుగుతున్నారో, ఆయన ఏం చెబుతున్నాడో. గోడ మీది గడియారం ముల్లు కదిలినట్టే లేదు. వెళ్ళిపోతే? కాళ్ళు నేలకి జార్చి, మెట్లు దిగి, జీప్నీ ఎక్కితే గంటలో కలినాన్, మధ్యాహ్నానికి తన పొయ్యి, తన కోళ్ళు. ఇన్నాళ్ళూ ఫిలిప్పీను మనిషినే కదా, ఇంకెన్నాళ్ళు బతకాలి. నెస్టర్ చెప్పిన దాని ప్రకారమైతే అదీ కాదట. తండ్రి పరాయి దేశం వాడు గనక నువ్వు పుట్టుకతో ఇక్కడి మనిషివి కాదు, పేరు దాచావు గనక అక్కడి మనిషివీ కాదు, ఇన్నేళ్ళూ ఏ దేశమూ లేకుండానే ఓటేశావు లోలా అన్నాడు నవ్వుతూ. తను నవ్వలేదు. ఆ రోజంతా రోడ్డు దాటడానికి కూడా భయమేసింది, ఎవరైనా ఆపి అడిగితే ఏమని చెప్పాలి.

అడిగితే చెప్పడానికి ఒకప్పుడు మాట సిద్ధంగా ఉండేది. మా నాన్న చీనావాడు, గుడ్డలమ్ముకునేవాడు, జ్వరమొచ్చి పోయాడు. అమ్మ ఆ మాట తన చేత ఎన్నిసార్లు అనిపించిందో, నిద్రలో గిల్లి లేపి నాన్నెవరే అంటే ఆ మాటే రావాలి. బడి రిజిస్టరులో బసిలిసా లిమ్ అని చీనా ఇంటిపేరుతో రాయించింది. సన్నకళ్ళకి అదొక్కటే దారి. ఊళ్ళో రొసెందో అని ఒక పిల్లాడుండేవాడు, వాడి నాన్నా తోటల్లో పనిచేసినవాడే, వాళ్ళమ్మకి ఇలా దాచే తెలివి లేకపోయింది. బడి వదిలాక పిల్లలు వాణ్ణి చుట్టుముట్టి హపోన్, హపోన్, జపానోడా అని రాళ్ళు వేసేవాళ్ళు. అందరికంటే గట్టిగా అరిచింది తను, అందరికంటే ముందు రాయి తీసింది తను. రాయి విసిరేవాళ్ళ కళ్ళు ఎవరూ చూడరని తొమ్మిదేళ్ళకే తెలిసిపోయింది. వాడి చెవి పక్కన చీరుకుపోయి రక్తం కారింది, వాడు తన వంకే చూశాడు, వాడికి తెలుసేమో. గోరియో మామ కొండ దిగి వచ్చాక ఊళ్ళో వీరుడయ్యాడు, పతకం ఇచ్చారు, ఏటా ఏప్రిల్లో సైనికుల పండగకి ఊరేగింపులో ముందు నడిచేవాడు. తెల్ల గౌను తొడిగి, జెండా ఇచ్చి, నా మేనకోడలు అని తనని పక్కన నడిపించేవాడు. తను జెండా నిటారుగా పట్టుకుని దేశగీతం గొంతెత్తి పాడేది. అది నటన కాదు, నిజంగానే ఛాతీ పొంగేది, ఆ పొంగిన ఛాతీలోనే ఎక్కడో ఎలుక కొరికినట్టుండేది. రెండు గుక్కలు సారా పడితే మామ తన మొహంలోకి చూసేవాడు, చూసి చటుక్కున లేచి వెళ్ళిపోయేవాడు. చచ్చేదాకా ఆ సంగతి మామ ఎత్తలేదు, తను ఎత్తలేదు. ఈస్టరు ముందు వారం ఫాదరీ ప్రసంగంలో పేతురు ప్రభువుని ఎరగనన్న కథ వచ్చేసరికి తనకి దగ్గు వచ్చేది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయేది, ఏటేటా వచ్చే దగ్గు.

క్రిస్పులో అనే అతన్ని పెళ్ళి చేసుకుంది. లేతె దీవి నుంచి భూమి కోసం వచ్చినవాడు, మంచివాడు, మాట తక్కువ. వాళ్ళన్నని జపాను వాళ్ళు చంపారు, ఆ అన్న ఫొటో మంచం మీద గోడకి ఉండేది. ఆ ఫొటో కింద నలభైయొక్క ఏళ్ళు పడుకుంది. నిద్రలో ఏమైనా వాగుతానేమోనని మొదట్లో ఆయన గురక మొదలయ్యాక గానీ కళ్ళు మూసేది కాదు. నలుగురు పిల్లలు పుట్టారు, పుట్టినప్పుడల్లా ముందు కళ్ళే చూసేది. మింతాల్‌లో జపాను వాళ్ళు తమ చచ్చినవాళ్ళకి పూలు పెట్టడానికి వచ్చిన రోజున ఊరంతా చూడటానికి పోతుంటే తనూ బయల్దేరింది, గుమ్మంలో ఆయన అడ్డొచ్చాడు. "ఎండలోకి పోకే. ఎండకి నీ కళ్ళు మరీ చిన్నవైపోతాయి, నలుగురూ నాలుగు మాటలంటారు" అన్నాడు, అని కొడవలి నూరుకోవడానికి కూర్చున్నాడు. తను గడప మీదే కూలబడిపోయింది. అయితే తెలుసు. ఎన్నాళ్ళ నుంచి తెలుసు? అడగలేదు. ఆయన పోయేదాకా ఇద్దరూ ఆ మాట మీద దుప్పటి కప్పుకునే ఉన్నారు.

తలుపు తెరుచుకుంది. ఆరో నంబరు ముసలాయన బయటికి వచ్చాడు, టోపీ చేతిలో నలుపుతూ, ఎవరి వంకా చూడకుండా మెట్ల వైపు పోయాడు. ఏడు, అన్నారు. రియలిన్ లేచి చెయ్యి అందించింది. నేల చాలా దూరంగా ఉన్నట్టుంది, కాళ్ళు దొరికాయి, నడిచాయి. లోపల పొడుగు బల్ల, బల్లకి అటువైపు నెరిసిన జుట్టు లాయరమ్మ, పక్కన చేతిలో చిన్న రికార్డరుతో ఒక కుర్రవాడు, ఇటువైపు దుబాసీ, దవావో అమ్మాయే. లాయరమ్మ లేచి వంగి దణ్ణం పెట్టింది. అంతే, బసిలిసా నడుం దానంతటదే వంగిపోయింది, సంతలో కాపలా సైనికుడి ముందు వంగినంత లోతుగా, నుదురు బల్లకి తగిలేటంతగా. లేవమని ఎవరూ అనలేదు కదా, లేవచ్చా, లేవకూడదా. రియలిన్ భుజం పట్టుకుని లేపి కూర్చోబెట్టింది. లాయరమ్మ మొహం కందిపోయింది, ఏదో అంది, క్షమించమంటున్నారు అంది దుబాసీ.

నాన్న పేరు అడిగారు. నోరు తెరిచింది. పేరు వచ్చింది, చిన్నపిల్ల గొంతుతో, షిమా దగ్గర తడబడుతూ. ఎవరూ తలుపు కొట్టలేదు. రికార్డరు మీద ఎర్రదీపం అలాగే వెలుగుతోంది, లాయరమ్మ రాసుకుంది, అంతే. పెళ్ళి అడిగారు, అన్నం ముద్దల సంగతి చెప్పింది. నాన్నని ఏమని పిలిచేవారని అడిగారు. ఇది నెస్టర్ చెప్పించలేదు. "సూ" అంది. లాయరమ్మ కలం ఆగింది. మళ్ళీ అడిగించింది. సూ, అంది ఇంకా చిన్నగా. వాళ్ళ మాటల్లో నాన్నని అలా అనరట, ఒకసారి ఆలోచించుకోమంటున్నారు అంది దుబాసీ. ఆలోచించుకోవడానికేముంది, దొరికిపోయిన దొంగలా తల అడ్డంగా ఊపింది, ఇంకే మాటా లేదు, అదే. లాయరమ్మ ఆ మాట రాసి చుట్టూ సున్నా చుట్టింది. నలుగురిలో మిమ్మల్ని తన కూతురని చెప్పుకునేవాడా అంటే, చెప్పుకునేవాడు, నార మూటల బండి మీద నన్ను కూర్చోబెట్టుకుని కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు అంది, అది నిజమే. ఇక అయిపోయిందనుకుంది. కాగితం తిరగేసి లాయరమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. ఆయన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?

బల్ల కింద రియలిన్ పాదం వచ్చి తన పాదాన్ని తాకింది. గుర్తులేదు, ఆ ఒక్క మాట. నాలిక మీదే ఉంది. కానీ ఆ తడి నేల కూడా అక్కడే ఉంది, అమెరికా వాళ్ళు దిగిన ఏడాది జూను నెల, వాన వెలిసిన పొద్దున, తముగాన్ అడవుల కింద అమ్మ వాళ్ళ గుడిసెలు. జపాను సైన్యం, తోటల వాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ ఆ అడవుల్లోకి పోయి చెట్ల బెరళ్ళు తిని చస్తున్నారు, నాన్న చేతికి పట్టీ పోయి తుపాకి వచ్చి ఆయనా అక్కడే ఉన్నాడు. ఆ పొద్దున దళం వాళ్ళు ఆయన్ని ఏటి రేవులో పట్టుకున్నారు. తుపాకి లేదు, రైతు చొక్కాతో ఉన్నాడు. రేవు తమ గుడిసెకి కూతవేటు దూరం. ఉప్పుకి వచ్చాడో, తమని తీసుకుపోదామని వచ్చాడో, ఊరికే చూసిపోదామని వచ్చాడో, ఏదీ ఈనాటికీ తెలియదు. గుడిసెల మధ్య ఖాళీలో నిలబెట్టారు, వీడి పెళ్ళాం పిల్లలు ఎవరో చెప్పండి అన్నారు. అంతకు నాలుగు రోజుల ముందు ఎగువన ఒక ఇంట్లో ఇలాగే చెప్పారు, ఆ ఇల్లూ లేదు, ఇంట్లోవాళ్ళూ లేరు. ఆ వచ్చినవాళ్ళలో గోరియో మామ ఉన్నాడు, వెనక వరసలో, తుపాకి కర్రలా పట్టుకుని. వాళ్ళ నాయకుడు వేరే ఊరివాడు, ఎవరినీ ఎరగడు, పిల్లలందరినీ చూసుకుంటూ వచ్చి తన కళ్ళ దగ్గర ఆగాడు.

ఇదంతా ఎప్పుడు పైకి చెప్పడం మొదలుపెట్టిందో బసిలిసాకే తెలియలేదు. దుబాసీ గొంతు తన గొంతు వెనకే నడుస్తోంది. రియలిన్ పాదం అక్కడే ఉంది, బరువుగా.

"ఏయ్ పిల్లా, వీడు మీ నాన్నేనా?" అన్నాడతను.

"కాదు. మా నాన్న చీనావాడు. జ్వరమొచ్చి పోయాడు." తడుముకోకుండా అంది, అమ్మ నేర్పినట్టే, ఆయన మొహంలోకి చూస్తూ అంది.

అతను నాన్న వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. ఇది నీ పిల్లేనా?"

నాన్న తనని పై నుంచి కింద దాకా చూశాడు, సంతలో పందిపిల్లని బేరం చేసేవాడు చూసినట్టు. చూసి నవ్వాడు. "ఈ కోతిమొహందా? నాకు పుడితే ఇంత వికారంగా పుడుతుందా బాబూ" అన్నాడు. దళం వాళ్ళంతా గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది గోరియో మామ, ఆగకుండా నవ్వాడు, కళ్ళలో నీళ్ళు కారేదాకా నవ్వాడు. నాయకుడు కూడా నవ్వి, పొమ్మని తన నెత్తి మీద ఒకటి మొట్టి వదిలేశాడు. నాన్నని ఏటి వైపు నడిపించుకుపోయారు, ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం, వెనక్కి తిరగలేదు. కాసేపటికి అటువైపు నుంచి రెండు చప్పుళ్ళు వచ్చాయి. అమ్మ రోట్లో వడ్లు దంచుతోంది, ఆపలేదు, ఆ చప్పుడూ ఈ చప్పుడూ కలిసిపోయాయి.

దుబాసీ అమ్మాయి ఆ కోతిమొహం దగ్గర ఆగిపోయి, సరిపోయే మాట వెతుక్కుని చెప్పింది. లాయరమ్మ కలం కింద పెట్టింది. తరవాత నెమ్మదిగా ఏదో అంది, కుర్రవాడు రికార్డరు మీట మీద వేలు పెట్టి ఆమె వంక చూశాడు. "లోలా," అంది దుబాసీ, "తండ్రి నలుగురి ముందు నా బిడ్డ కాదన్నాడని రాస్తే మీ కేసుకి మంచిది కాకపోవచ్చట. అలిసిపోయారు కదా, కాసేపు ఆపి, ఈ ప్రశ్న మళ్ళీ మొదటి నుంచి అడగమంటారా అని అడుగుతున్నారు."

బసిలిసా రియలిన్ వైపు తిరిగింది. పిల్ల మొహం తెల్లబోయి ఉంది, జ్వరంలో సగం సగం విన్నదాన్ని ఇప్పుడే మొత్తంగా విన్నది. గోడ మీది అక్షరాలన్నీ ఆ మొహంలో కనపడుతున్నాయి. పిల్ల పాదం తీసేసి, పొట్టు రేగిన చేత్తో అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

"రాయమనమ్మా," అంది బసిలిసా. "అది మా నాన్న ఆఖరి మాట. ఉన్నదున్నట్టు రాయమను."

కాగితం రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. సూ అన్నది ఒకినావాలో పల్లెవాళ్ళు నాన్నని పిలిచే పాత మాటని, అది ఆ ఇంటి పిల్లకి తప్ప తెలిసే వీల్లేదని జడ్జీ రాశాడు. రియలిన్ వెళ్ళింది కూడా. కానీ ఆ పూట ఆ గదిలో ఆ సంగతి ఎవరికీ తెలియదు, కేసు పోయిందనే నలుగురూ అనుకున్నారు. కుర్రవాడు రికార్డరు ఆపేశాడు. లాయరమ్మ కాగితాలు ఒద్దికగా సర్దుకుని, కలం మూత పెట్టి, రాసుకోవడానికి కాదు, ఊరికే అడుగుతున్నానని చెప్పించి అడిగింది. అంత చిన్నపిల్లవి, అప్పుడు చాలా భయపడి ఉంటావు కదా?

బసిలిసా ఆలోచించింది. ఈ ప్రశ్న ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"లేదమ్మా. భయాలన్నీ తరవాతొచ్చినవే," అంది. "అప్పుడు కోపమొచ్చింది. అంతమందిలో నన్ను కోతిమొహం అన్నాడని. మూడు రోజులు అన్నం తినలేదు. వస్తే మాట్లాడకూడదనుకున్నా."